తేటనీరు, మంచినీరు



నేటి సాయంకాలమున నేను ప్రసంగింపబూనిన విషయము రాజవంశముల చరిత్రము గాదు. ప్రతి గృహస్థుని వంటింటి మూలను నిలిచియుండు నీటి వడపోత పాత్రయొక్క చరిత్రము. ఇంత చిన్న వస్తువునకు చరిత్రమా యని మీరు నవ్వవచ్చును. కాని యా పాత్ర వెనుక బహుశతాబ్దముల యనుభవమును, వేలకొలది ప్రాణముల నష్టమును గలవు. ఆ కథ నెరిగినచో అంగడిలో నేది కొనవలెనో, కొన్నదాని నెట్లు కాపాడుకొనవలెనో తనంతనే బోధపడును.

సుశ్రుతసంహితయందు సూత్రస్థానమున ద్రవద్రవ్యములను గూర్చిన యధ్యాయ మొకటి కలదు. కలుషజలమును దేర్చు సాధనములు ఏడని అందు చెప్పబడినవి. అవి కతకబీజము, గోమేదకము, తామరదుంప, నాచువేరు, వస్త్రము, ముత్యము, మణి. వీనిలో కతకమనగా మన చిల్లగింజ. దానినే ఇండుపగింజ యనియు నందురు. గోదావరికి వరద వచ్చి యెర్రనీరు పారు దినములలో మన ఆడవారు ఈ గింజను కాగు లోపల నరగదీసి, నీరు పోసి, కదల్పక యుంచెడివారు. కొంతసేపటికి మట్టి యడుగంటి, మీద తేటనీరు నిలిచెడిది. పటికయు నీ పనినే చేయును. సన్నని మట్టికణములు ఒకదానితో నొకటి కలియక విడివిడిగా తేలుచుండును. గింజలోని పదార్థము గాని, పటిక గాని వానిని గుమిగూర్చి బరువెక్కించును, బరువెక్కినవి దిగిపోవును. ఇంతే అందలి రహస్యము.

వస్త్రమును జేర్చుటయు వట్టిమాట గాదు. బంగ్లాదేశమున మత్లబ్ ప్రాంతపు పల్లెలలో పాతచీరను పెక్కు మడతలు వేసి నీటిని వడగట్టించి చూడగా, కలరా నూటికి 48 వంతులు తగ్గెనని రీటా కోల్వెల్ మొదలగు శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిరి. కలరా క్రిమి నీటియందలి సూక్ష్మజలచరముల నంటిపెట్టుకొని యుండును; బట్ట ఆ జలచరములను పట్టును.

అయినను ప్రాచీనులకు కన్ను, ముక్కు, నాలుక యివియే పరీక్షకులు. కంటికి తేటయై, నాలుకకు రుచియైన నీరు నిక్కముగా మంచినీరేనా? ఈ ప్రశ్నకు సమాధానము పాశ్చాత్యదేశములలో ప్రాణములు వెచ్చించి సంపాదింపబడినది. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధిలోని చేతిపంపు చుట్టును కలరా చెలరేగినది. జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటికి దిరిగి, చనిపోయినవారిలో నధికసంఖ్యాకులు ఆ పంపునీరు త్రాగినవారే యని కనుగొనెను. దూరమున హాంప్‌స్టెడ్‌లో కాపురమున్న యొక వితంతువు ఆ నీటి రుచి మరగి, బండిమీద తెప్పించుకొని త్రాగుచుండెను. ఆమెయు నా జాడ్యముననే మరణించెను. రుచి సాక్ష్యము చెల్లదని యంతటితో తేలినది.

అంతకు పూర్వమే, 1829లో, జేమ్స్ సింప్సన్ అను ఇంజనీరు లండనులోని చెల్సీ జలసంస్థకు ఇసుక వడపోతమడుగును నిర్మించెను. అతడు కోరినది నీటి తేటదనమే. కాని యిసుకమీద దినదినమునకు పేరుకొను జీవమయమైన జిగటపొర, కంటికి గానరాని క్రిములను గూడ నడ్డగించుచుండెను. దాని విలువ 1892లో వెల్లడియైనది. జర్మనీలో హాంబర్గు, ఆల్టోనా యను రెండు పట్టణములు ఇంచుమించు ఒక దానిలో నొకటి కలిసియుండెను. రెండును ఎల్బే నది నీటినే త్రాగుచుండెను. ఆల్టోనావారికి దొరకునది హాంబర్గు మురికి కలిసిన దిగువనీరు. కాని వారు దానిని ఇసుకలో వడపోసికొనిరి. ఎగువనున్న హాంబర్గువా రట్లు చేయలేదు. ఆ యేట కలరా వచ్చి హాంబర్గులో సుమారు 8,600 మందిని బలిగొనెను. ఆల్టోనా చాలవరకు బ్రతికిపోయెను. వీధి కీవలివారు బ్రతుకుటయు, ఆవలివారు చచ్చుటయు ఇసుక మూలముననే!

ఇక ఇంటి వడపోతకు వత్తము. పాశ్చరు శిష్యుడైన షాంబర్లాన్ 1884లో పారిసునందు గ్లేజు లేని పింగాణి గొట్టముతో నీటిని వడపోయు సాధనమును కల్పించెను. 1891 ప్రాంతమున జర్మనీలో బెర్క్‌ఫెల్డు మరియొక తెల్లని మట్టితో అట్టిదానినే చేసెను. మన యిండ్లలో మీదిగిన్నెలో నిలుచు ‘క్యాండిల్’ ఈ వంశమునకు జెందినదే. దాని రంధ్రములు క్రిములు దూరలేనంత సన్ననివి. కాని 1892లో రష్యాదేశపు ఇవనోవ్‌స్కీ పొగాకు తెగులును పరీక్షించుచు, ఆ తెగులుమూల మీ గొట్టమును సైతము దాటిపోవుట చూచెను. వైరసుల చరిత్ర అచ్చట నారంభమైనది. కావున, ఎంత మంచి వడపోత యైనను, జాడ్యములు ప్రబలినపుడు నీటిని మరిగించుట మానరాదు.

మూడవ శత్రు వొకటి కలదు. అది నీటిలో కరిగియుండు లవణము. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతములందు ప్రజల యెముకలు బిగిసి వంగుటకు బావినీటిలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు లోకమునకు దెలిపిరి. నల్లగొండ జిల్లా కష్టములు మీ రెరుగనివి కావు. ఆ నీరు గాజువలె తేటగా నుండును! బట్ట గాని, క్యాండిల్ గాని ఫ్లోరైడును పట్టజాలవు. మరిగించినచో నీరు తగ్గి విషము మరింత చిక్కనగును. పటిక, సున్నము కలిపి తేర్చు పద్ధతి 1970ల దశాబ్దమున ఏర్పడి, నల్లగొండ పేరనే ప్రసిద్ధి గాంచినది. కాలిఫోర్నియాలో లోబ్ అను నాతడును, భారతీయుడగు సౌరిరాజన్ అను నాతడును 1960 ప్రాంతమున కనుగొన్న పలుచని పొరయే, నేటి ఆర్.ఓ. యంత్రమునకు మూలపురుషుడు.

కనుక శత్రువులు మూడు: బురద, క్రిమి, లవణము. ఏ శత్రువు మీ యింట నున్నదో నీటిని పరీక్షింపజేసి తెలిసికొనక యంత్రమును కొనుట, రోగ మడుగక మందిచ్చుట వంటిది. పురపాలకసంఘపు శుద్ధిచేసిన నీరు వచ్చు నింటికి క్యాండిలో, అతినీలలోహిత దీపమో చాలును. లీటరునకు కరిగిన పదార్థములు 500 మిల్లీగ్రాములకు మించరాదనియు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు భారతీయ ప్రమాణము కోరుచున్నది. అంతకు మిక్కిలి మించిన బోరునీటికే ఆర్.ఓ. తగును. అది మన కిచ్చునదానికంటె బయట పారబోయునదే తరచు నధికము. ఆ నీటిని నేల తుడుచుటకైనను వాడుడు.

పోషణ మాట. క్యాండిల్ నీరు మందగించినపుడు దానిని మెత్తని కుంచెతో, సబ్బు తగులనీయక, శుభ్రమైన నీట రుద్దవలెను. వెంట్రుకవాసి బీట కానవచ్చినను పారవేయవలెను. ఆ బీట క్రిములకు రాజమార్గము. క్రిందిగిన్నెను, కుళాయిని మరువరాదు. బొగ్గు వడపోత నిండిన పిదప దేనిని పట్టజాలదు. దీపము వెలుగుచునే యుండును, కాని కాలక్రమమున శక్తి క్షీణించును. వీనిలో నేదియు నీటి రుచివలన తెలియదు. కాబట్టి మార్చిన తేదిని పాత్రమీదనే వ్రాసియుంచుడు.

మనుస్మృతిలో నొక దృష్టాంతము కలదు. కతకఫలము నీటిని దేర్చునదే యైనను, దాని పేరు పలికినంతనే నీరు తేరదట. వంటింట యంత్ర మున్నదని చెప్పుకొనుటయు నట్టిదే. గింజను అరగదీసిన చేయియే నీటిని దేర్చెను. నేటి యంత్రమునకును ఆ చేయి కావలెను.