దూరాన్ని చెప్పే పట్టికలు: బహుళ నోడ్ కంప్యూటర్లలో మెమరీ సామీప్య వర్ణన - చారిత్రక పరిశీలన

ఒక కంప్యూటరులో అనేక ప్రాసెసర్లు ఉన్నప్పుడు మెమరీ వాటన్నిటికీ సమాన దూరంలో ఉంటుందని భావించడం సహజం. ఒకే బస్సు మీద ఒకే మెమరీని పంచుకున్న యంత్రాల విషయంలో ఈ భావన సరైనదే. ప్రాసెసర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ బస్సు రద్దీని తట్టుకోలేకపోయింది. అందువల్ల యంత్రాన్ని నోడ్లుగా విభజించి, ఒక్కో నోడ్‌కు కొంత మెమరీని చేర్చారు. ఏ ప్రాసెసరైనా మెమరీ అంతటినీ చదవగలదు. అయితే సొంత నోడ్‌లోనిది త్వరగానూ, ఇతర నోడ్లలోనిది ఆలస్యంగానూ అందుతుంది. ఈ నిర్మాణానికే న్యూమా అని పేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన డాష్, 1996 నాటి సిలికాన్ గ్రాఫిక్స్ ఆరిజిన్ 2000 ఈ మార్గంలో ప్రసిద్ధమైనవి.

ఆరిజిన్ యంత్రాన్నీ, దాని ఆపరేటింగ్ సిస్టమ్‌నూ ఒకే సంస్థ తయారుచేసింది. కనుక నోడ్ల అమరికను వేరొకరికి వివరించవలసిన అవసరం అంతగా లేదు. 2003లో వచ్చిన ఏఎండీ ఆప్టెరాన్ మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోనే ఇమిడ్చింది. దానితో రెండు ప్రాసెసర్ల సాధారణ సర్వరు కూడా న్యూమా యంత్రమైంది. ఇక్కడ యంత్రం ఒకరిది, ఆపరేటింగ్ సిస్టమ్ మరొకరిది. ఇద్దరికీ అర్థమయ్యే వర్ణన అనివార్యమైంది.

2004 నాటి ఏసీపీఐ 3.0 ప్రమాణంలోని రెండు పట్టికలు ఆ అవసరాన్ని తీర్చాయి. ఏ ప్రాసెసర్, ఏ మెమరీ భాగం ఏ సామీప్య మండలానికి చెందుతాయో ఎస్‌ఆర్‌ఏటీ చెబుతుంది. మండలాల మధ్య దూరాన్ని ఎస్‌ఎల్‌ఐటీ చెబుతుంది. సొంత మండలానికి దూరం 10. రెట్టింపు ఆలస్యమైతే 20. చేరడానికి వీలులేకపోతే 255. ఇవి నానోసెకన్లు కావు, సాపేక్ష సంఖ్యలు మాత్రమే.

ఈ సంక్షిప్తతలోనే చిక్కు ఉంది. దూరం 20 దాటితే లినక్స్ ఒక ప్రత్యేక విధానాన్ని దానంతటదే అమలుచేసేది: పక్క నోడ్ మెమరీని వాడుకోవడానికి ముందు సొంత నోడ్‌లో నిల్వ ఉన్న ఫైళ్ల సమాచారాన్ని తొలగించేది. రెండు ప్రాసెసర్ల సర్వర్లు కొన్ని తమ దూరాన్ని 21గా ప్రకటించాయి. ఫలితంగా పక్కన మెమరీ ఖాళీగా ఉండగానే, తొలగించిన సమాచారాన్ని మళ్లీ డిస్కు నుంచి చదవవలసి వచ్చేది. ప్రోగ్రాములో దోషం లేదు, పట్టిక అబద్ధమాడలేదు; అయినా పని మందగించింది. 2011లో ఆ హద్దును 30కి పెంచారు. 2014లో ఆ విధానం దానంతటదే అమలుకాకుండా నిలిపివేశారు.

2017 నాటి ఏసీపీఐ 6.2 హెచ్‌ఎంఏటీ అనే పట్టికను ప్రవేశపెట్టింది. ఇందులో ఆలస్యాన్నీ, సమాచారం ప్రవహించే వేగాన్నీ వేర్వేరుగా, చదవడానికీ రాయడానికీ విడివిడిగా పేర్కొనవచ్చు. వేర్వేరు స్వభావాలు గల మెమరీలు ఒకే యంత్రంలో చేరుతున్న కాలంలో ఒక్క సంఖ్య చాలదన్న గుర్తింపు ఇందులో కనిపిస్తుంది.

చెందిక నుంచి దూరానికి, దూరం నుంచి గుణాలకు ఈ వర్ణన విస్తరించింది. అయితే 21 అనే సంఖ్య నేర్పిన పాఠం కొత్త పట్టికకూ వర్తిస్తుంది: వర్ణన ఎంత వివరంగా ఉన్నా, దాని నుంచి తీసే నిర్ణయానికి బాధ్యత చదివేవారిదే.