హిప్నటైజ్ చేస్తే సాక్షి నిజమే చెబుతాడా? పోలీసులకు పనికొచ్చిన ట్రిక్‌ను కోర్టులు ఎందుకు పక్కన పెట్టాయి?

సాక్షిని హిప్నటైజ్ చేయగానే మర్చిపోయిన కారు నంబర్ టకటకా చెప్పేస్తాడు. సినిమాల్లో చాలాసార్లు చూసిన సీనే ఇది. నిజ జీవితంలోనూ ఒకసారి దాదాపు ఇలాగే జరిగింది.

1976 జులై 15న అమెరికాలోని చౌచిల్లాలో ముగ్గురు దుండగులు స్కూల్ బస్సును అడ్డగించారు. 26 మంది పిల్లలను, డ్రైవర్ ఎడ్ రేను వ్యాన్లలో తరలించి, క్వారీలో పాతిపెట్టిన ట్రక్కు ట్రైలర్‌లో బంధించారు. దాదాపు 16 గంటల తర్వాత వాళ్లే దారి చేసుకుని ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత హిప్నాసిస్‌లో ఎడ్ రే ఓ వ్యాన్ నంబర్‌ను ఒక్క అంకె తప్ప మిగతాదంతా చెప్పగలిగాడు. ఈ క్లూ దర్యాప్తుకు బాగా ఉపయోగపడింది.

మరి సమస్య ఎక్కడ?

మన జ్ఞాపకం సీసీ కెమెరా ఫుటేజ్ కాదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని కొత్తగా పేర్చుకుంటుంది. హిప్నాసిస్‌లో ఉన్న మనిషి ఎదుటివాళ్ల మాటలకు తేలిగ్గా లొంగుతాడు. 'అతనికి గడ్డం ఉందా?' అని అడిగితే చాలు, లేని గడ్డం కూడా కనిపించొచ్చు. ఇంకా ప్రమాదం ఏంటంటే, ఆ తర్వాత అదే నిజమని సాక్షి గట్టిగా నమ్ముతాడు. అబద్ధం చెప్పడం లేదు కాబట్టి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనూ దొరకడు. అలా ఓ అమాయకుడు జైలుకు వెళ్లే ముప్పుంది.

కోర్టులు ఏమన్నాయి?

హిప్నటైజ్ చేశాక సాక్షి గుర్తుచేసుకున్న విషయాలపై సాక్ష్యం చెల్లదని 1982లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటి జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాల కన్నా తక్కువ నమ్మదగినవని 1985లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నివేదిక చెప్పింది. ఏళ్ల తరబడి ఈ పద్ధతి వాడిన టెక్సస్ కూడా 2023లో చట్టం చేసి, పోలీసుల హిప్నాసిస్‌లో ఇచ్చిన వాంగ్మూలాలు కోర్టులో చెల్లకుండా చేసింది.

మన దేశంలో..

మన దగ్గర ఎక్కువగా వినిపించేది నార్కో టెస్ట్. మందు ఇచ్చి మనిషిని హిప్నాసిస్ లాంటి మత్తులోకి తీసుకెళ్లి ప్రశ్నలు అడుగుతారు. ఇష్టం లేకుండా ఎవరికీ ఈ టెస్ట్ చేయకూడదని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఒప్పుకుని చేయించుకున్నా ఆ మాటలు నేరుగా సాక్ష్యం కావు. వాటి ఆధారంగా దొరికిన వస్తువో, సమాచారమో అయితే కోర్టు ముందుకు రావొచ్చు.

చౌచిల్లాలో డ్రైవర్ చెప్పిన నంబర్‌ను పోలీసులు విడిగా చెక్ చేసుకోగలిగారు. ముఖం ఒక్కటే గుర్తొచ్చిన కేసుల్లో ఆ అవకాశం ఉండదు.