సగము కాదన్నంతమాత్రమున

లండను చర్చీలలో జ్ఞానస్నానము పొందిన శిశువులను మగ, ఆడ యని వేరుపరచి లెక్కించు పద్ధతి 1629లో మొదలయ్యెను. ఆ యేట మగశిశువులు 5,218 మంది, ఆడశిశువులు 4,683 మంది. రాణి ఆన్‌కు వైద్యుడైన జాన్ ఆర్బత్‌నాట్ 1710 వరకు గల ఎనుబదిరెండేండ్ల పట్టికలను పరిశీలింపగా, ప్రతియేటను మగశిశువులే అధికముగ కానవచ్చిరి.

మగ, ఆడ సంతానమునకు సమానావకాశము కలదనుకొన్నచో, ఒక యేట మగవారు హెచ్చగుట బొమ్మా బొరుసూ వంటిది. ఎనుబదిరెండు మారులు వరుసగా బొమ్మయే పడుటకు అవకాశము సుమారు 4,800 కోట్ల కోట్ల కోట్లలో ఒకవంతు. కావున సగము సగమను ఊహ నిలువదని ఆయన త్రోసివేసెను. సార్థకతా పరీక్షకు తొలి యుదాహరణముగా పలువురు దీనినే చూపుదురు.

అంతవరకు తర్కము దృఢమే. కాని ఆర్బత్‌నాట్ అచ్చట నాగలేదు. ఆహారార్జనకై వెలుపల సంచరించు పురుషులకు అపాయము లెక్కువ గనుక, ఆ నష్టమును పూరించుటకు దైవమే మగవారిని అధికముగ పుట్టించుచున్నదనియు, బహుభార్యాత్వము ప్రకృతివిరుద్ధమనియు నిర్ణయించెను! పట్టికలో బహుభార్యాత్వపు ఊసే లేదు.

1713లో నికొలాస్ బెర్నూలీ యను గణితజ్ఞుడు దీనికి బదులు చెప్పెను. ముప్పదియైదు ముఖముల పాచికలో పదునెనిమిది తెలుపు, పదునేడు నలుపు అనుకొందము. దానిని ఏటేట 14,000 మారులు వేసినచో తెలుపు 7,200కు అటునిటుగా పడుచుండును. ఏండ్ల తరబడి తెలుపే మిగులుచుండును. ఇందు దైవజోక్యముతో పనిలేదు. పరీక్ష ‘సగము కాదు’ అని మాత్రమే తేల్చినది. ‘ఎందుకు’ అనుదానికి అందులో సమాధానము లేదు.

ఈ భేదము మనదేశమున ఆడపిల్లల బ్రతుకులతో ముడివడియున్నది. సహజముగ నూరుమంది ఆడశిశువులకు సుమారు 105 మంది మగశిశువులు జన్మింతురని నేటి శాస్త్రజ్ఞుల లెక్క. అనగా వేయిమంది మగవారికి 952 మంది ఆడవారు. బెర్నూలీ పాచికకు ఇది మిక్కిలి చేరువ. మన జనాభా లెక్కలలో ఆరేండ్లలోపు పిల్లల యందు ఆ సంఖ్య 1991లో 945, 2001లో 927. సగముతో పోల్చినచో ప్రకృతిసిద్ధమైన వ్యత్యాసము కూడ దోషముగ తోచును. 952తో పోల్చినప్పుడే అసలు లోటు బయటపడును. కోట్లకొలది పిల్లల లెక్క గనుక దానిని యాదృచ్ఛికమనుటకు వీలులేదు. అయినను గర్భముననే తొలగించిరో, పుట్టినపిమ్మట నిర్లక్ష్యము చేసిరో, లెక్కలోనే విడిచిరో 927 అను అంకె చెప్పజాలదు. అందులకు జననముల నమోదును, శిశుమరణముల లెక్కను, స్కానింగు కేంద్రముల రికార్డులను వేరువేరుగ పరిశీలింపవలసినదే. గర్భస్థశిశువు లింగనిర్ధారణను అరికట్టు చట్టము 1994లోనే వచ్చియుండెను.