రోలర్ కోస్టర్‌కి దెయ్యం పట్టిన కథ

కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో, డిస్నీలాండ్ పార్కులో, కాంక్రీటుతో ఉక్కుతో కట్టిన తెల్లటి కొండ ఒకటి ఉంది. పేరు స్పేస్ మౌంటెన్. దాని కడుపులో ఒక రోలర్ కోస్టర్ తిరుగుతూ ఉంటుంది. 2009లో హాలోవీన్ రోజులు దగ్గరపడ్డాక, చీకటి పడితే చాలు, ఆ తెల్లకొండ మీద మెరుపులు పాకడం, వాటి మధ్య దెయ్యపు ఆకారాలు కదలడం మొదలైంది. ఆ కొన్ని వారాలూ దాని పేరు స్పేస్ మౌంటెన్ ఘోస్ట్ గెలాక్సీ. లోపల పట్టాలు అంగుళం కూడా జరగలేదు. బండ్లు అవే, మలుపులు అవే. పండగ వెళ్ళగానే దెయ్యమూ దిగిపోయింది. మరుసటి ఏడు మళ్ళీ పూనింది.

ఈ ఆనవాయితీ వెనక పండగ కొంత, వ్యాపారం చాలా ఉన్నాయి.

హాలోవీన్ అక్టోబరు 31న వస్తుంది. క్రైస్తవుల సర్వ పునీతుల పండగకి అది ముందురోజు. అంతకన్నా పాత వేరు ఐర్లాండ్, స్కాట్లాండ్‌లలో కెల్టిక్ జనం చేసుకున్న సామ్‌హేన్‌లో ఉందంటారు. పంటలు ఇంటికి చేరి, చలి మొదలయ్యే వేళ చచ్చిపోయినవాళ్ళు తిరిగొస్తారని నమ్మకం. మన మహాలయ పక్షాలు కూడా కాస్త అటూ ఇటూగా ఆ కాలానివే. కాకపోతే మనం వచ్చిన పెద్దలకు అన్నం పెట్టి సాగనంపుతాం, అక్కడివాళ్ళు తామే దెయ్యాల వేషం కట్టి వీధిలోకి దిగుతారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఐర్లాండ్ నుంచి వలసపోయినవాళ్ళతో పాటు ఈ పండగ అమెరికాలో బాగా పాకింది. అక్కడ గుమ్మడికాయ దొరికింది, సొంతూళ్ళో టర్నిప్ దుంపలకు చెక్కిన కళ్ళూ నోరూ గుమ్మడికాయకి వచ్చాయి.

వినోదపు పార్కులకు మాత్రం చాలాకాలం ఈ పండగతో పనిలేదు. వాటి పంట వేసవి. సెప్టెంబరులో బడులు తెరిచారంటే గేటు దగ్గర సందడి పోతుంది. ఆ బోసితనాన్ని సొమ్ము చేసుకున్న ఘనత డిస్నీది కాదు, దాని పొరుగువాడిది. ఆనహైమ్ పక్కనే బ్యూనా పార్క్‌లో వాల్టర్ నాట్ కుటుంబం బెర్రీ పళ్ళు పండించి, కోడి వేపుడు భోజనం పెట్టి, 1940లో పాతకాలపు గనుల ఊరు నమూనాగా ఒక ఘోస్ట్ టౌన్ కట్టుకుంది. అదే నాట్స్ బెర్రీ ఫార్మ్. 1973 అక్టోబరు చివర్లో అక్కడ మూడు రాత్రులు హాలోవీన్ వేడుక పెట్టారు. కాలికో గని రైలు దారిలోనూ, దుంగ పడవల సవారీలోనూ రాక్షసుల బొమ్మలు నిలబెట్టారు. జనం విరగబడ్డారు. ఇవాళ అదే నాట్స్ స్కేరీ ఫార్మ్‌గా ఏటా కొన్ని వారాల పాటు నడుస్తోంది. ఉన్న సవారీకి నాలుగు బొమ్మలు తగిలించి కొత్త టికెట్ అమ్మవచ్చన్న కిటుకు అక్కడ తేటతెల్లమైంది.

డిస్నీ ఆ దారికి రావడానికి పదకొండేళ్ళు పట్టింది. వచ్చింది కూడా దెయ్యాలతో కాదు, క్రిస్మస్‌తో. 1984లో పాటలు పాడే ఎలుగుబంట్ల బొమ్మల ప్రదర్శన కంట్రీ బేర్ జాంబొరీకి పండగ బట్టలు తొడిగి, పాటలు మార్చారు. పార్కుల వాళ్ళ భాషలో దీన్నే ఓవర్‌లే అంటారు. 1997లో పిల్లల పడవ సవారీ ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్‌కీ అదే జరిగింది. 2001లో మాత్రం పెద్ద సాహసం చేశారు. 1969 నుంచి నడుస్తున్న హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల మేడని తీసుకుని, 1993 నాటి ‘ద నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ సినిమా బొమ్మలతో నింపేశారు. హాలోవీనూ క్రిస్మసూ కలగలిసిన సినిమా కాబట్టి అక్టోబరులో వేసిన వేషం జనవరి దాకా పనికొచ్చింది! ఇంతకన్నా పొదుపైన ఆలోచన పార్కుల చరిత్రలో అరుదు.

మరి రోలర్ కోస్టర్ ఎందుకు వెనకబడింది? దయ్యాల మేడలో బండి నెమ్మదిగా పోతుంది, గదిగదికీ బొమ్మ చూపించవచ్చు. కోస్టర్ మీద కూర్చున్నవాడు ఆరుబయట, పట్టపగటి ఎండలో, కళ్ళు గట్టిగా మూసుకుని దూసుకుపోతాడు. వాడికి ఏం చూపిస్తారు? వేషం వేయాలంటే నాలుగు గోడలూ చీకటీ ఉన్న కోస్టర్ కావాలి. అదీ స్పేస్ మౌంటెన్ ప్రత్యేకత.

దాని పుట్టుకకి దారితీసింది ఇంకో కొండ. 1959 జూన్‌లో డిస్నీలాండ్ మాటర్‌హార్న్ కొండని తెరిచింది. గుండ్రటి ఉక్కు గొట్టాల పట్టాల మీద నడిచిన మొదటి రోలర్ కోస్టర్ అది. చెక్క పట్టాలకు సాధ్యంకాని నునుపైన మలుపులు దానితో వచ్చాయి. ఆ విజయం చూసే వాల్ట్ డిస్నీ 1960ల నడుమ అంతరిక్ష యాత్రలాంటి చీకటి కోస్టర్ గురించి జాన్ హెంచ్ వంటి తన రూపశిల్పులతో ఆలోచించాడు. అప్పటి సాంకేతికత చాల్లేదు. చీకట్లో ఒకే పట్టా మీద అనేక బండ్లు ఒకదానికొకటి గుద్దుకోకుండా నడపడానికి కంప్యూటర్ అదుపు కావాలి. 1966 డిసెంబరులో వాల్ట్ చనిపోయాడు. స్పేస్ మౌంటెన్ మాత్రం లేచింది: ముందు ఫ్లోరిడాలో 1975 జనవరిలో, తర్వాత ఆనహైమ్‌లో 1977 మేలో. 1955లో డిస్నీలాండ్ మొత్తం కట్టడానికి సుమారు కోటీ డెబ్భై లక్షల డాలర్లయితే, ఈ ఒక్క కొండా దాని చుట్టుపక్కల కట్టడాలకే రెండు కోట్లయ్యాయని చెబుతారు.

వింతేమిటంటే, దీని వేగం గంటకు 60 కిలోమీటర్లు కూడా దాటదు. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ వేగంతో కారు నడిపితే వెనకవాడు హారన్ కొడతాడు. అయినా ఎక్కినవాళ్ళు గుండె చేతపట్టుకుని దిగుతారు. ముందు మలుపు కుడికో ఎడమకో కంటికి తెలిస్తే ఒళ్ళు ముందే సర్దుకుంటుంది. చీకట్లో ఆ అవకాశం ఉండదు.

చీకటి ఉంది సరే, కథ చెప్పేదెలా? చెవితో. 1996లో ఆనహైమ్ బండ్లలో సీట్లకే స్పీకర్లు బిగించారు. ఫ్రెంచ్ సంగీతకర్త సేన్‌సాన్స్ 1886లో రాసిన ‘కార్నివాల్ ఆఫ్ ది యానిమల్స్’లోని ‘అక్వేరియం’ ఖండికని, గిటార్ విద్వాంసుడు డిక్ డేల్ వాయింపుతో కలిపి వినిపించారు. 2003లో కొండని మూసి, పట్టాలు మొత్తం తీసి కొత్తవి వేసి, 2005 జులైలో మళ్ళీ తెరిచినప్పుడు మైకేల్ జకీనో కట్టిన బాణీలు వచ్చాయి. బండి ఎక్కుతున్నప్పుడు ఒక వాద్యం, జారుతున్నప్పుడు ఇంకొకటి, అంతా పట్టా కొలతకి సరిపోయేలా. బాణీ మారిస్తే సవారీ మారుతుందని నిర్వాహకులకి రూఢి అయ్యాక 2007 మొదట్లో కొన్ని నెలలు రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ రాక్ పాటతో నడిపి చూశారు కూడా. నా లెక్కలో ఘోస్ట్ గెలాక్సీకి అసలు తల్లి ఈ స్పీకరే.

పుట్టిల్లు మాత్రం అమెరికా కాదు, హాంకాంగ్. అక్కడి డిస్నీలాండ్ 2005 సెప్టెంబరులో తెరుచుకుంది. చిన్న పార్కు, సవారీలు తక్కువ. మొదటి ఏడాది 56 లక్షల మంది వస్తారనుకుంటే 52 లక్షలే వచ్చారు. అదే ఊళ్ళో పాత పార్కు ఓషన్ పార్క్ 2001 నుంచే హాలోవీన్ జాతర చేస్తోంది. కొత్త కోస్టర్ కట్టడానికి ఏళ్ళూ కోట్లూ కావాలి. ఉన్న స్పేస్ మౌంటెన్‌కే దెయ్యం పట్టిస్తే? 2007 హాలోవీన్‌కి ఘోస్ట్ గెలాక్సీ అక్కడే మొదలైంది. రెండేళ్ళ తర్వాత ఆనహైమ్‌కి చేరింది. సురభి నాటకాల వాళ్ళు ఒకే వేదిక మీద తెర మార్చి అడవిని అంతఃపురం చేసినట్టు, ఇక్కడ ప్రొజెక్టర్లూ ధ్వనీ మార్చి అంతరిక్షాన్ని శ్మశానం చేశారు. నక్షత్ర ధూళి మేఘమొకటి దెయ్యమై, ప్రయాణికుల రాకెట్ వెంటపడుతుంది. చీకట్లో అక్కడక్కడా ముఖమో చెయ్యో మీదికొస్తుంది, చెవి పక్కనే కేకలు.

ఇందులో ఒక చిక్కు ఉంది. చీకట్లో బొమ్మ వెలగాలంటే వెలుతురు పడాలి, వెలుతురు పడితే పట్టాలు కనబడతాయి, పట్టాలు కనబడితే అసలు భయం తగ్గుతుంది. అందుకే దెయ్యం బొమ్మల కన్నా చెవిలో పడే అరుపులే ఈ వేషంలో బలమైన భాగమని నేనంటాను. బయట కొండ మీది మెరుపులు మాత్రం, ఎక్కే ధైర్యం లేనివాళ్ళకి ఉచితంగా దొరికిన వినోదం.

తర్వాత కథ పండగని దాటిపోయింది. 2015 నవంబరులో ఆనహైమ్‌లో ఇదే కొండకి స్టార్ వార్స్ వేషం వేసి హైపర్‌స్పేస్ మౌంటెన్ అన్నారు. 2017లో ప్యారిస్ డిస్నీలాండ్ కూడా ఆ వేషం తొడుక్కుంది, కానీ మళ్ళీ విప్పలేదు. 1995లో అక్కడ జూల్ వెర్న్ చంద్రయాన కథ మీద కట్టిన అందమైన సవారీలో అప్పటికే మారిపోయిన మూలకథ, సినిమా ప్రచారం కింద పూర్తిగా మరుగునపడిపోయింది. నాలుగు వారాల ముచ్చటగా ఉన్నంతవరకే వేషం ముద్దు. అదే సొంత ముఖమైపోతే నష్టం మూలకథకే. ఆ విషయంలో ఏటా వచ్చి ఏటా దిగిపోయిన ఘోస్ట్ గెలాక్సీయే మర్యాదగల దెయ్యం.

అక్టోబరులో పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళే పెద్దవాళ్ళకి ఒక మాట: ఆ ఏడు కొండ ఏ వేషంలో ఉందో పార్కు ప్రకటన చూసుకుని బయల్దేరండి. నడుంనొప్పి, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఏ వేషంలో ఉన్నా ఎక్కకండి. మనవల ఎత్తు కూడా ఇంట్లోనే కొలిచి తీసుకెళ్ళండి, 102 సెంటీమీటర్లకి తక్కువుంటే ఎక్కనివ్వరు.