దేవదాసు

శరత్‌చంద్ర చటోపాధ్యాయ బెంగాలీ నవల, 1917లో అచ్చయింది. జమీందారు కొడుకు దేవదాసు, పొరుగింటి పార్వతి చిన్ననాటి నేస్తాలు. నడిరాత్రి పార్వతే అతని గదికొచ్చి పెళ్లి చేసుకోమని అడిగితే, అతను కన్నవాళ్ల మాట దాటలేక నీళ్లు నములుతాడు. కథకు ఆయువుపట్టు ఈ పిరికితనమే. తర్వాత మనసు మార్చుకుని వచ్చినవాడు, ఆమె కాదనేసరికి గేలపుకర్రతో నుదుటి మీద కొడతాడు. ఆమెకు మచ్చ, అతనికి తాగుడు మిగులుతాయి. నిజానికి తెగువంతా పార్వతిదీ, అతన్ని ప్రేమించిన వేశ్య చంద్రముఖిదీ. జనం కన్నీళ్లు మాత్రం దేవదాసుకే. చివరికి, వేరొకరిని పెళ్లాడిన పార్వతి అత్తవారింటి ముందు, ఆమెను చూడకుండానే చనిపోతాడు. తెలుగువాళ్లకు ఇది సొంత కథ కావడానికి వేదాంతం రాఘవయ్య తీసిన 1953 చిత్రం కారణం: అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటన, సి.ఆర్. సుబ్బరామన్ బాణీలు, ఘంటసాల గొంతు. హిందీలో దిలీప్‌కుమార్ (1955), షారుఖ్ ఖాన్ (2002) దేవదాసు పాత్ర వేశారు.