రేవుకూలీల నిరాకరణము

కార్మికసంఘమనగా కూలి హెచ్చింపుమనియు పనిగంటలు తగ్గింపుమనియు కోరు కూటమియని పలువురు తలంతురు. అది సత్యమే గాని సంపూర్ణసత్యము కాదు. 1945వ సంవత్సరమున ఆస్ట్రేలియా రేవులలో జరిగిన చరిత్ర యిందుకు నిదర్శనము.

ఆస్ట్రేలియాకు ఉత్తరమున నున్న ఇండొనీషియా ద్వీపములు ఆ కాలమున డచ్చివారి యేలుబడిలో నుండెను. 1926వ సంవత్సరపు తిరుగుబాటు పిమ్మట డచ్చివారు అనేక దేశభక్తులను న్యూగినీ యడవులలోని బోవెన్ డిగూల్ శిబిరమున నిర్బంధించిరి. జపానువారు ఆ దీవుల నాక్రమింపగా, 1943లో ఆ ఖైదీలను ఆస్ట్రేలియాకు గొనివచ్చి యచ్చటను బంధించిరి. ఈ సంగతి వెల్లడియై యలజడి పుట్టగా వారు విడుదల గాంచిరి. అటుపిమ్మట వారికిని అచ్చటి కార్మికులకును స్నేహము కుదిరెను.

1945 ఆగస్టు 17వ తేదీన సుకర్నో, హట్టాలు తమ దేశము స్వతంత్రమైనదని ప్రకటించిరి. డచ్చివారు తమ యధికారమును మరల నెలకొల్పుటకై ఆస్ట్రేలియానుండి జావాకు ఆయుధములను పంపబూనిరి. సెప్టెంబరులో ఇండొనీషియా నావికులు ఆ యోడలను విడిచి దిగిపోయిరి. వెంటనే ఆస్ట్రేలియా రేవుకూలీల సమాఖ్య ఆ సరకు నెత్తబోమనెను. ఓడలను మరమ్మతు చేయువారును, రేవు వెలుపలికి లాగువారును అట్లే నిరాకరించిరి. పెద్దవి, చిన్నవి కలిపి 500లకు మించిన నౌకలకు ఈ నిషేధము తగిలెనని రూపర్ట్ లాక్‌వుడ్ తన గ్రంథమున లెక్కించెను.

ఇండొనీషియావారు దిగిన యోడలలో పనికి భారతీయ నావికులు నియమింపబడిరి. వీరు బీదలు. పని మానినచో జీతము పోవును. స్వదేశమునకు జేరు దారియు పరులచేతిలోనిదే. అయినను పట్రాస్ అను డచ్చి యోడ సిడ్నీనుండి బయలుదేఱినపుడు, చిన్నపడవపై వెంబడించినవారు తమ భాషలో కేకలువేసి సంగతి దెలుపగా, అందలి భారతీయులు పని నిలిపిరి. ఓడ మరలివచ్చెను. యోరిస్ ఐవెన్స్ 1946లో నిర్మించిన 'ఇండొనీషియా కాలింగ్' చలనచిత్రమున నీ ఘట్టము చూపబడినది.

ఇచ్చట చదువరులు గమనింపవలసిన దొకటి గలదు. ఆసియావాసులను తమ గడ్డపై స్థిరపడనీయని చట్టము ఆనాడు ఆస్ట్రేలియాలో నమలులో నుండెను. ఆ చట్టమును పట్టుబట్టి కోరినవారిలో కార్మికసంఘములును గలవు. తక్కువ కూలికి వచ్చు పరాయివాడు తమ నోటికూడు దీయునని వారి భయము. కాని పొరుగువాని కూలి యేల తక్కువ? సంఘము గూర్చుకొను హక్కును, తన్ను తాను పాలించుకొను హక్కును అతనికి లేకపోవుట యందుకొక ముఖ్యకారణము గదా! ద్వారము మూసినంతమాత్రమున నీ భయము తీఱదు. అతనికా హక్కులు గలిగిననే తీఱును. చట్టము మాఱుటకు చిరకాలము పట్టినను, రేవుకూలీలు 1945లోనే యీ సత్యము నాచరించి చూపిరి.

ఇండొనీషియాకు స్వాతంత్ర్యము దెచ్చినది ప్రధానముగా నా ప్రజల పోరాటమే. రేవులలోని నిరాకరణము శత్రువు నాలస్యపఱచెను. లోకము కన్ను తెఱపించెను. 1947లో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిసంఘమును నియమించినపుడు ఇండొనీషియా తన పక్షమున ఆస్ట్రేలియాను గోరుకొనెను. 1949 డిసెంబరు 27వ తేదీన డచ్చివారు సార్వభౌమాధికారము నప్పగించిరి.

తన కూలికై పోరుట సంఘమునకు ధర్మమే. పొరుగువానిని బంధించు సంకెళ్లను తన భుజములపై మోయనని నిలుచుటయు అట్టి ధర్మమే.