ముల్లూ, పుల్లల చక్రమూ

మా తుళ్లూరు రేగడి నేలలో చక్రం ఏనాడూ సుఖంగా నడవలేదు. మా తాత రోజుల్లో బండి చక్రాలకు ఇనప పట్టా ఉండేది. వాన పడితే ఆ సన్నటి పట్టా మట్టిని కోసుకుంటూ దిగబడేది. ముల్లంటే మాత్రం దానికి లెక్కలేదు. తర్వాత టైరు బళ్లొచ్చాయి. అదే ఎడ్ల జత మిర్చి టిక్కీలను మునుపటికంటే తేలిగ్గా లాగింది. వాటి వెనకే పంచరు కూడా ఊళ్లో కాలుపెట్టింది.

మా నాన్న సైకిల్ షాపు ఆ పంచర్ల మీదే బతికింది. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగ చూడాలి, గరుకు కాగితంతో రుద్దాలి, సొల్యూషన్ రాసి ఆరనివ్వాలి, అప్పుడు ప్యాచ్ అంటించాలి. గాలి టైరుకు 1888లో పేటెంటు తీసుకున్న డన్‌లప్ బెల్ఫాస్ట్‌లో పశువుల డాక్టరు. కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించాలని మొదలుపెట్టిన పని అది. ఆ టైరుకే మా నాన్న ఇక్కడ జీవితమంతా ప్యాచులు వేశాడు.

సైకిళ్ల తర్వాత మోటారు సైకిళ్లు. 1955 నుంచి మద్రాసులో బిగించిన బుల్లెట్లు, ఆ తర్వాత రాజ్‌దూత్‌లు, 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100, మా రైతులు మెచ్చిన స్ప్లెండర్. ఇవన్నీ పుల్లల (స్పోకుల) చక్రాలతో వచ్చినవే. ఒక్కో రిమ్ముకు సాధారణంగా 36 పుల్లలు, అంటే వాటిని బిగించే నిపిళ్ల కోసం 36 బెజ్జాలు. అన్ని బెజ్జాలున్న రిమ్ములో గాలి నిలవదు కాబట్టి లోపల ట్యూబు తప్పదు. ముల్లు ట్యూబును చీల్చిందా, ఆ బెజ్జాల్లోంచీ వాల్వు పక్కనుంచీ గాలంతా క్షణంలో పోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో అలా కాదు. ముల్లు రబ్బరులోనే ఇరుక్కుని తన కంతను తనే మూస్తుంది, గాలి మెల్లగా దిగుతుంది. ఇల్లు చేరేదాకా బండి నడుస్తుంది. అల్లాయ్ చక్రాలకు బెజ్జాల్లేవు కనక 2007 ప్రాంతంలో పల్సర్ల మీద ఇలాంటి టైర్లు మాకు పరిచయమయ్యాయి.

అక్కడితో ట్యూబు పని తగ్గుముఖం పట్టేదే. ఈలోగా 2015 వచ్చింది. రాజధాని కోసం 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చారు. పత్తి, మిర్చి, మినుము పండిన చేలల్లో నాగలి ఆగింది. 2019లో ప్రభుత్వం మారాక కట్టడాలూ ఆగాయి. దున్నని, కట్టని ఆ నేలను సర్కారు తుమ్మ ఆక్రమించింది. ఆ చెట్టు మనది కాదు. జమైకా నుంచి తెప్పించిన గింజల్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు మా పత్తి చేలను మింగడం కళ్లారా చూశాను. ఆ బాధ నాకింకా తగ్గలేదు. 2024 ఆగస్టులో యంత్రాలతో కంప కొట్టించినప్పుడు ముళ్ల రెమ్మలు డొంకల నిండా పడ్డాయి.

ఆ డొంకల్లో తిరిగే కుర్రాళ్లవి పుల్లల చక్రాల బళ్లే. 2016లో వచ్చిన హిమాలయన్, 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్. రాయి తగిలితే అల్లాయ్ పగులుతుంది, పుల్లల చక్రం వంగి ఓర్చుకుంటుంది. "బాబాయ్, ట్యూబు తీసేసి టేపు వేసిపెట్టు" అని వాళ్లు నా దగ్గరికొస్తారు.

పని ఓపికతో కూడింది. ముందు రిమ్ము బెండు తీసి పుల్లలన్నీ సరిగ్గా బిగించాలి, ఎందుకంటే తర్వాత నిపిల్ తిప్పితే అతుకు చెడుతుంది. తుప్పూ జిడ్డూ వదిలేలా తుడవాలి. ఒక్కో నిపిల్ తల మీద సీలెంటు పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. దానిపైన వెడల్పాటి టేపు బిగువుగా చుట్టి, ట్యూబ్‌లెస్ వాల్వు వేయాలి. రాత్రంతా గాలి పట్టించి చూడందే బండి ఇవ్వకూడదు.

గాలి నిలిచినంత మాత్రాన పని అయిపోలేదు. ట్యూబ్‌లెస్ కోసం చేసిన రిమ్ములో టైరు అంచు, అంటే బీడు, కూర్చునే చోటు పక్కన సన్నటి గట్టు ఉంటుంది. గాలి తగ్గినా బీడు లోపలి పల్లంలోకి జారకుండా అది ఆపుతుంది. ట్యూబు రిమ్ముల్లో చాలావాటికి ఆ గట్టు ఉండదు. మట్టిలో పట్టు కోసం కుర్రాళ్లు గాలి తగ్గించి నడుపుతారు. మలుపులో బీడు ఊడితే గాలంతా ఒక్కసారే పోతుంది. టేపు దాన్ని ఆపలేదు.

కంపెనీలు దీన్ని వేరే దారిలో సాధించాయి. 1987లో బీఎండబ్ల్యూ ఆర్ 100 జీఎస్ బండికి పుల్లల్ని రిమ్ము అంచుకు, గాలి గదికి బయట తగిలించింది. అక్కడ మూయడానికి బెజ్జమే లేదు. హిమాలయన్ 450కి కంపెనీయే 2024లో ట్యూబ్‌లెస్ పుల్లల చక్రాలిచ్చింది. డబ్బు పెట్టగలిగినవాళ్లను అవే కొనుక్కోమంటాను.

లేనివాళ్ల బండి వస్తే టైరు ఊడదీసి రిమ్ము లోపల వేలితో తడిమి చూస్తాను. గట్టు తగిలితే వెనక చక్రం చేస్తాను, సీటు కింద ఒక ట్యూబు పెట్టుకోమంటాను. ముందు చక్రం 21 అంగుళాలది, సన్నటిది, హ్యాండిల్ దాని మీదే ఆధారపడుతుంది. దానికి ఎంత బతిమాలినా ఒప్పుకోను. మందపాటి కొత్త ట్యూబుకు పౌడరు పట్టించి ఎక్కించి పంపుతాను.